గడ్డిబండీ, నా కుడికాలి పిక్కా

ఆ రోజుల్లో నాకు అన్నీ వచ్చు. కనీసం అడిగినవాళ్ళకి అలాగే చెప్పేవాణ్ణి. ఇరవై ఏళ్ళవాడు "నాకు రాదు" అంటే ఊరంతా పని ఆపి తనవైపే తిరిగి చూస్తుందని ఎందుకనుకుంటాడో నాకిప్పటికీ తెలియదు గానీ, నేను మాత్రం గట్టిగా అలాగే అనుకునేవాణ్ణి. మా వాళ్ళు దాన్ని గర్వమని పొరబడేవారు. గర్వం కాదు, భయం. నాకు పుట్టుకతో వచ్చిన ఆస్తి అదొక్కటే. లిఫ్టంటే భయం, కుక్కలంటే భయం, కుక్కలు లేని సందులంటే (అవి ఎక్కడికి వెళ్ళాయో తెలియదు కాబట్టి) ఇంకా భయం. అన్నిటికన్నా పైమెట్టు మీద పాము, దానికి ఒక్క మెట్టు కింద మా మావయ్య ఉండేవాడు. ఆ రెండు భయాలూ ఒకే రోజున, ఒకే చోట నన్ను పట్టుకున్న సంగతి ఇది. అప్పట్లో చచ్చిపోతున్నాననుకున్నాను కాబట్టి నవ్వలేదు.

మావయ్యకి యాంగోన్‌లోని మింగళ తౌంగ్‌న్యున్ పేటలో, రైల్వే స్టేషనుకి నడిచి వెళ్ళేంత దూరంలో, నీళ్ళ పంపులూ చిన్న ఇంజన్లూ అమ్మే కొట్టుండేది. నేను ఇంట్లో కూర్చుని డిగ్రీ పరీక్షలకి చదువుతున్నానని పేరు పెట్టుకుని అక్కడ పనిచేసేవాణ్ణి. మావయ్య మెల్లగా మాట్లాడితే పక్క కొట్టుకి వినపడేది, మామూలుగా మాట్లాడితే వీధి చివరి టీకొట్టుకి వినపడేది. కోపం వస్తే స్టేషనులో రైలు కోసం నించున్నవాళ్ళు కూడా వెనక్కి తిరిగేవారని నేనే ఎవరికో చెప్పాను. ఆ ఏడు వానాకాలం చివర్లో కొట్టుకి కొత్త సరుకు వచ్చింది. గడ్డి కోసే యంత్రమే, కానీ భుజానికి తగిలించుకునే రకం కాదు. దీనికి సైకిలుకున్నంత పెద్ద చక్రాలు రెండు, ముందు ఇంజను, దాని కింద గిర్రున తిరిగే ఒక బిళ్ళ, ఆ బిళ్ళకి మీసాల్లాగా వేలాడే లావుపాటి నైలాను తీగలు. వెనక పిడి పట్టుకుని పిల్లల బండిలాగా తోసుకుంటూ పోతే నడుమెత్తు గడ్డినైనా కోసి పారేస్తుందట. మావయ్య దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "ఏట్రా, దీన్ని తోలడం వొచ్చా నీకు?" అని అడిగాడు. నేను తల ఎత్తకుండానే వచ్చన్నాను. ఎక్కడ నేర్చావంటే స్నేహితుడి తోటలో అన్నాను. నాకు తోటలున్న స్నేహితులెవరూ లేరు.

ఆ అబద్ధం అక్కడితో చల్లారిపోయేదే. కానీ మర్నాడు తన్లిన్ నుంచి ఫోను వచ్చింది. చేసినావిడ మావయ్యకి చిన్నప్పుడు చదువు చెప్పిన బర్మా పంతులమ్మ. అందరూ ఆమెని సయామా అనే పిలిచేవారు (బర్మాలో పంతులమ్మని అలాగే అంటారు). రిటైరయి, నది అవతల తన్లిన్ దాటాక పొలాల మధ్య చిన్న చెక్క ఇల్లు కట్టుకుని ఒంటరిగా ఉండేది. తడింజుట్ పౌర్ణమికి ఇంకా నాలుగు రోజులుంది. ఆ పండక్కి ఇక్కడ పాత విద్యార్థులు గురువుల దగ్గరికి వెళ్ళి మోకరిల్లి దండం పెట్టుకుంటారు. సయామా దగ్గరికి ఏటా నలభై యాభై మంది, పిల్లాపాపలతో సహా వచ్చేవారు. ఈసారి వానలకి ఆవరణంతా నడుమెత్తు పెరిగిపోయింది. మామూలుగా కొడవలి పట్టుకొచ్చి కోసిపెట్టే పక్కింటాయన్ని నెల కిందటే పొలంలో పాము కరిచింది. బతికాడు గానీ ఇంకా మంచం మీదే ఉన్నాడు. కరిచింది మ్వే-బ్వే, అంటే మన రక్తపింజర. ఆయన్ని చూశాక ఊళ్ళో ఎవరూ ఆ గడ్డిలో కాలు పెట్టడం లేదు. పండగనాడు పిల్లలు ఆ గడ్డిలోకి పరుగెడితే ఏం కావాలని ఆమె బెంగ. మావయ్య ఫోనులో చేతులు కట్టుకున్నంత పనిచేసి, "మా మేనల్లుడికి బండి తోలడం బాగా వచ్చు సయామా, రేపే తీసుకొస్తాను" అని బర్మాలో మాటిచ్చేశాడు.

పాము అన్న మాట చెవిన పడ్డాక ఆ రోజు నేనేం తిన్నానో నాకు గుర్తులేదు. మా అమ్మకి చెబితే, నాగుల చవితికి పుట్టలో రెట్టింపు పాలు పోస్తానని మొక్కుకుంది గానీ, వెళ్ళొద్దని మాత్రం అనలేదు (ఆమెకీ తన అన్నయ్యంటే భయమే). పొద్దున్నే నేను ఒకదాని మీద ఒకటి రెండు జీన్సు ప్యాంట్లు తొడిగాను. వాటి కింద ఫుట్‌బాల్ ఆడేవాళ్ళు ముంగాళ్ళకి కట్టుకునే అట్టలు, పైన పిక్క సగం దాకా వచ్చే రబ్బరు బూట్లు, చేతులకి వంటింట్లో వేడి గిన్నెలు దించే గుడ్డ తొడుగులు, తలకి అద్దమున్న హెల్మెట్. మెట్లు దిగుతుంటే మోకాళ్ళు వంగలేదు. కింద చిన్న లారీలో యంత్రాన్ని కట్టిస్తున్న మావయ్య నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఇంకో తాడు తెమ్మని డ్రైవరుకి చెప్పాడు. తన్లిన్ వంతెన మీద లారీ పోతున్నంతసేపూ నేను కింద నదిని చూస్తూ, ఈ వంతెన ఎప్పటికీ అవతలి ఒడ్డుకి చేరకపోతే ఎంత బావుండునో అనుకున్నాను.

సయామా గుమ్మం ముందే నించునుంది. ఎనభైకి దగ్గర్లో ఉన్న సన్నటి మనిషి, రెండు బుగ్గలకీ, ఇక్కడి ఆడవాళ్ళు అరగదీసి పూసుకునే తనఖా అనే చెక్క గంధం గుండ్రంగా రాసుకుని, చేతిలో పొడుగాటి వెదురు కర్ర పట్టుకుంది. ఆమెని చూడగానే మా మావయ్య గొంతు ఎక్కడికి పోయిందో పోయింది. లారీ డ్రైవరుతో కూడా గుసగుసగా మాట్లాడటం మొదలుపెట్టాడు. నాకది ధైర్యం కలిగించాల్సింది, కానీ మావయ్యని భయపెట్టే మనిషి ముందు నేను అబద్ధమాడి నించున్నానన్న ఆలోచన ఉన్న కాస్త ధైర్యాన్నీ తినేసింది. ఆవరణ చూశాక మిగిలిన పని పూర్తయింది. ఇంటి నుంచి కాలవ దాకా గడ్డి ఒకే ముద్దగా, గాలి లేకపోయినా అక్కడక్కడా కదులుతూ ఉంది. సయామా ఆ గడ్డి అంచు వెంటే నడుస్తూ కర్రతో నేలమీద ఠకఠక కొట్టి, చల్లటి గొంతుతో ఏదో చెప్పింది. హెల్మెట్‌లోంచి నాకు సరిగ్గా వినపడకపోతే మావయ్య దగ్గరికొచ్చి మళ్ళీ చెప్పాడు. ఇవాళ ఇక్కడ పెద్ద చప్పుడవుతుంది, ఎవరికీ హాని చెయ్యాలని కాదు, దయచేసి కాలవ వైపు వెళ్ళిపోండని పాముల్ని అడుగుతోందట. బహువచనంలో అడగడం నాకు నచ్చలేదు.

యంత్రం స్టార్టు కాలేదు. తాడు లాగాను, మళ్ళీ లాగాను. పదోసారి లాగేసరికి హెల్మెట్ అద్దం లోపల నా ఊపిరికే పొగమంచు పట్టింది. మావయ్య నా వంక చూస్తున్నాడని చూడకుండానే తెలుస్తోంది. అప్పుడు సయామా అరుగు మీద కూర్చుని, యంత్రంతో పాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని కళ్ళజోడు పెట్టుకుని ఓపిగ్గా తిరగేసి, పెట్రోలు కుళాయి ఎక్కడుందో, చోకు ఎటు తిప్పాలో, పిడి దగ్గరున్న ఇనప కడ్డీని వేళ్ళతో నొక్కిపట్టి ఉంచితేనే తీగలు తిరుగుతాయనీ, వదిలేస్తే ఆగిపోతాయనీ ఒక్కొక్కటే చదివి చెప్పింది. అదీ నాకు చెప్పినట్టు కాదు. తనకే అర్థం కాక నన్ను అడిగి తెలుసుకుంటున్నట్టు, "ఇలాగే కదా బాబూ?" అంటూ చెప్పింది. జీవితంలో నా అబద్ధాన్ని అంత మర్యాదగా ఎవరూ పట్టుకోలేదు. "అలాగే సయామా" అంటూ ఆమె చెప్పినవన్నీ చేశాను. ఇంజను భగ్గుమంది.

తరవాత అరగంట సంగతి చెప్పాలంటే, భయపడుతూనే ఒక పనిని బాగా చెయ్యొచ్చునని నాకు అప్పుడే తెలిసింది. ముందు రెండడుగులు కళ్ళు మూసుకునే తోశాను. మూడో అడుగుకి గడ్డి ముందుకి వంగి పడిపోతుంటే, దాని కింద నుంచి అసలు నేల బయటపడుతుంటే కళ్ళు తెరిచాను. నత్తగుల్లలు, మట్టిబెడ్డలు, ఎప్పటిదో ప్లాస్టిక్ చెప్పు ముక్కలు ఎగిరొచ్చి బూట్లకి కొట్టుకుంటున్నాయి. కొట్టుకున్న ప్రతిదీ పామే. తెగిన తీగ పాము, పాత తాడు పాము, మసక అద్దంలోంచి చూస్తే నా బూటు మొన కూడా పామే. కడ్డీ నొక్కిపట్టిన వేళ్ళు తిమ్మిరెక్కినా వదలడానికి భయం, చప్పుడు ఆగితే అవి తిరిగొస్తాయేమోనని. అయినా ఇంటి ముందు భాగమంతా అయింది, పక్కకి తిరిగాను. ఒకప్పుడు కంచె ఉండి, స్తంభాలు పడిపోయిన చోటది. బండి ఒక్కసారి గుర్రుమని వణికింది. అదే క్షణంలో నా కుడికాలి పిక్క మీద, బూటు అంచుకి కాస్త పైన, రెండు సూదులు ఒక్కసారిగా దిగినట్టయింది.

నేను అరిచానని అందరూ అంటారు. నాకు గుర్తున్నంతవరకు అరవలేదు. కడ్డీ వదిలేసి, కోసిన గడ్డి మీద నెమ్మదిగా కూర్చుని, "మావయ్యా, కరిచింది" అన్నాను. అంతే. ప్యాంట్లు పైకి లాగి చూస్తే పిక్క మీద పక్కపక్కనే రెండు చుక్కలు, రెండింట్లోంచీ చెరో బొట్టు నెత్తురు. ఎవరు చూసినా పాము పళ్ళ గాట్లే. మావయ్య తన లుంగీ చివర చింపి నా తొడకి కట్టబోతే, సయామా ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, గట్టిగా కట్టకూడదు, కాలు కదలకుండా పడుకోబెట్టమంది. ఆ ఎనభై ఏళ్ళావిడే లారీలోకి ముందెక్కి, నా తల ఒళ్ళో పెట్టుకుని, దారి పొడుగునా నా భుజం నిమురుతూ "మచౌక్ నె, మచౌక్ నె" అంటూనే ఉంది. భయపడకు అని. గతుకుల్లో లారీ ఎగిరినప్పుడల్లా విషం ఒక జానెడు పైకెక్కినట్టు నాకు స్పష్టంగా తెలిసేది. నాలుక లావెక్కిందన్నాను. కళ్ళు మూతలు పడుతున్నాయన్నాను. (హెల్మెట్ ఇంకా తియ్యలేదని ఆసుపత్రి గుమ్మంలో ఎవరో గమనించి తీశారు.)

ఆసుపత్రిలో డాక్టరు కుర్రవాడే. పామును చూశావా అని అడిగాడు, లేదన్నాను. గాట్లు చూశాడు, చేతిలోంచి కాస్త నెత్తురు తీయించాడు. దాన్ని ఒక గాజు గొట్టంలో పోసి, నా మంచం పక్కనున్న చిన్న బల్ల మీద నిలబెట్టించి, ఇరవై నిమిషాలు దాన్ని ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. రక్తపింజర విషం ఎక్కితే నెత్తురు గడ్డకట్టదట. ఇరవై నిమిషాల తరవాత గొట్టం వంచితే నెత్తురు నీళ్ళలా జారిందా, మందు ఎక్కించాలి. జారకుండా నిలబడిందా, విషం లేనట్టే. ఇంత చెప్పి ఆయన ఇంకో రోగి దగ్గరికి వెళ్ళిపోయాడు. సయామా బయట వరండాలో బల్ల మీద కూర్చుని జపం మొదలుపెట్టింది. గదిలో నేనూ, మావయ్యా, నా నెత్తురూ మిగిలాం.

గోడ గడియారం ఉంది. అది నడవడం లేదని నాకు మొదటి నిమిషంలోనే అనుమానం వచ్చింది. గొట్టంలోకి చూస్తే నెత్తురు పల్చగా, ఎర్రగా, ఏ ఉద్దేశమూ లేనట్టు నించునుంది. దాన్ని కదపకూడదన్నారు కదా, నేను ఊపిరి కూడా అటువైపు వదలకుండా గోడవైపు తిరిగాను. మావయ్య నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. రెండో చేత్తో, చిన్నపిల్లాడికి సర్దినట్టు దుప్పటి నా గడ్డం దాకా సర్దాడు. మావయ్య నాకు దుప్పటి సర్దడం చూశాక నాకిక సందేహం లేకపోయింది. ఏడో నిమిషంలో, చచ్చిపోయేవాడు మనసులో ఏమీ దాచుకోకూడదని నిర్ణయించుకున్నాను.

"మావయ్యా, నాకు ఆ బండి తోలడం రాదు. ఎప్పుడూ తోల్నేదు" అన్నాను.

"తెలుసురా. నువ్వు తాడు లాగినప్పుడే తెలిసింది" అన్నాడు మావయ్య, అంత మెల్లగా మాట్లాడగలడని నాకు తెలియని గొంతుతో.

"సైలెన్సరు నేని లారీ అని నీకు పేరెట్టింది నేనే. బజారంతా అలగే అంటారు."

మావయ్య కాసేపు గొట్టంవైపు చూశాడు. "అదీ నువ్వేనా" అన్నాడు.

అక్కడ ఆగాల్సింది. కానీ చావు ముంచుకొస్తున్నవాడికి ఒకసారి నోరు తెరుచుకున్నాక మూసుకోవడం తెలియదు. మావయ్యకి ఒక్కతే కూతురు, నాకంటే రెండేళ్ళు చిన్నది, ఇంట్లో బుజ్జి అని పిలుస్తాం. ఆమె పొద్దున్నే కంప్యూటరు క్లాసుకని వెళ్ళేది. నిజానికి వెళ్ళింది నర్సు శిక్షణ పరీక్షకి చదువుకోవడానికి. ఆ పరీక్ష రాసింది, సీటొచ్చింది, పండగ అయ్యాక చేరాలి. కాయితాలు నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. మావయ్య దగ్గర ఎవరు నోరు విప్పాలో తెలియక ఇద్దరం నెలన్నర నుంచీ వణుకుతున్నాం. ఎవరికీ చెప్పనని అమ్మవారి గుళ్ళో దీపం ముందు ఆమెకి ఒట్టు కూడా వేశాను. అదంతా రెండు నిమిషాల్లో చెప్పేశాను. గడియారం పన్నెండో నిమిషం చూపిస్తోంది.

"ఎల్లనీరా. ఎల్లమను" అన్నాడు మావయ్య. ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. "నువ్వు మాటాడకు. మాటాడితే రకతం పరిగెడతాది."

"ఒట్టేనా?"

"ఒట్టేరా బాబూ. నువ్వు బతుకు సాలు."

మిగిలిన ఎనిమిది నిమిషాలూ నేను గడియారం ముల్లుతో పాటే లెక్కపెట్టాను. బయట సయామా జపం ఒకే లయలో వినపడుతూ ఉంది. నాకు మా అమ్మ గుర్తొచ్చింది, పుట్టలో పోయబోయే రెట్టింపు పాలు గుర్తొచ్చాయి, ఇంకా నేను చూడని ఊళ్ళన్నీ గుర్తొచ్చాయి. ఇంతలో నర్సు వచ్చి, మాతో ఏమీ చెప్పకుండా గొట్టాన్ని వెలుతురుకి పట్టుకుని మెల్లగా వంచింది. నేను కళ్ళు మూసుకున్నాను. మావయ్య చెయ్యి నా చేతిని నలిపేసింది. నర్సు నవ్విన చప్పుడు వినపడితే కళ్ళు తెరిచాను. నా నెత్తురు గొట్టం అడుగున జున్నుముక్కలా కదలకుండా కూర్చునుంది.

అయినా సాయంత్రం దాకా ఉంచి మరో రెండుసార్లు చూశారు, రెండుసార్లూ గడ్డకట్టింది. వెళ్ళేముందు ప్యాంట్లు తొడుక్కోబోతుంటే రెండింటి మధ్యనుంచి ఒక తుప్పు ముక్క ఠంగుమని కింద పడింది. పాత కంచె ముళ్ళతీగ ముక్క. పక్కపక్కనే రెండు ముళ్ళు. గడ్డిలో పడి ఉన్న తీగ యంత్రానికి తగిలి తెగి, ఎగిరొచ్చి గుచ్చుకుంది. డాక్టరు దాన్ని చేతిలోకి తీసుకుని, చాలా గౌరవంగా అటూ ఇటూ తిప్పి చూసి, ధనుర్వాతానికి ఒక ఇంజెక్షను పొడిపించి పంపేశాడు.

సయామాని ఇంటి దగ్గర దింపి తిరిగి వస్తుంటే లారీలో మావయ్య ఒక్క మాట మాట్లాడలేదు. నాకు పాము భయం పోయి, పాత భయం దాని చోట్లో వచ్చి కూర్చుంది. వంతెన సగం దాటాక, నదివైపు చూస్తూనే, "సైలెన్సరు నేని లారీయా" అన్నాడు. ఇంటికెళ్ళాక బుజ్జిని పిలిచి, ఏ రోజు చేరాలో, ఏమేం కొనాలో అడిగాడు. ఆమె నావైపు చూసిన చూపుకి నేను మళ్ళీ గోడవైపు తిరిగిపోయాను. అబద్ధాలాడి పరీక్ష రాసిన కూతుర్ని మామూలుగా పంపే మనిషి కాదు మావయ్య. కానీ ఒట్టు ఒట్టే. ఇప్పుడామె యాంగోన్‌లోనే ఒక ఆసుపత్రిలో పెద్ద నర్సు. నన్ను కొత్తవాళ్ళకి పరిచయం చేసినప్పుడల్లా, ఒకసారి చచ్చిపోయి తనకి ఉద్యోగం ఇప్పించినవాడని చెబుతుంది.

మర్నాడు మిగిలిన గడ్డి కొయ్యడానికి ఎవరో ఒకరు వెళ్ళాలి. మావయ్య నన్ను అడగలేదు. నేనే వెళ్తానన్నాను. ధైర్యం వచ్చి కాదు, సయామా ఒక్కతే ఆ గడ్డి పక్కన తిరుగుతుంటుందని తలుచుకుంటే ఇంట్లో కూర్చోవడం ఇంకా భయంగా ఉండి. ఈసారి ముందు కర్రతో గడ్డి కదుపుతూ ముళ్ళతీగంతా ఏరి పక్కన పడేశాం. తరవాత బండి తోశాను. మధ్యాహ్నానికి కాలవ ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి, కోసిన గడ్డికీ కొయ్యని గడ్డికీ మధ్య ఖాళీ నేల మీద, నా మణికట్టంత లావున, ఒంటి నిండా గొలుసు మచ్చలతో, అది వెళ్తోంది. తొందరేమీ లేదు దానికి. నా వేళ్ళు వాటంతటవే కడ్డీ వదిలేశాయి, తీగలు ఆగాయి. వెనక నుంచి సయామా, కదలొద్దు, దాన్ని వెళ్ళనివ్వు అంది. అది కాలవలోకి దిగి కనపడకుండా పోయాక కూడా నాకు అడుగు పడలేదు.

"నాకు చాలా భయంగా ఉంది సయామా" అన్నాను. ఆ మాట బతికుండగా ఒకరితో పైకి చెప్పడం అదే మొదలు.

"నాకూ భయమే బాబూ" అంది ఆమె మామూలుగా. "పదిహేనేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను, రోజూ భయమే. అందుకే చూసి నడుస్తాను."

పౌర్ణమినాడు ఆ నేల మీద చాపలు పరిచి, పాత విద్యార్థులంతా వరసగా మోకరిల్లారు. మా మావయ్య వెనక వరసలో, లుంగీ సర్దుకుంటూ, క్లాసుకి ఆలస్యంగా వచ్చిన పిల్లాడిలా కూర్చున్నాడు. పిల్లలు కాలవ దాకా పరిగెత్తి వచ్చారు. నేను అరుగు మీద కూర్చుని వాళ్ళని లెక్కపెడుతూనే ఉన్నాను.

ఇప్పుడు నాకు ముప్పై దాటి చాలాకాలమైంది. భయం తగ్గిందా అంటే, లేదు. రకం మారింది. వేళ కాని వేళ మోగే ఫోనంటే భయం, బడి నుంచి పిల్లలు పావుగంట ఆలస్యంగా వస్తే భయం, ఈ ఊళ్ళో రేపటి గురించి ఎవరైనా గట్టిగా చెబితే మరీ భయం. అప్పుడప్పుడూ ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. రెండు ప్యాంట్లు తొడుక్కుని, గోడవైపు తిరిగి, ఊపిరి బిగబట్టి పడుకుని, ఈ ఇరవై నిమిషాలూ గడవవేమోనని వణికిపోతున్నవాడు. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా కలుగుతుంది. భయానికి గడియారం చూపించి, ఇదిగో ఇంతసేపే అని చెప్పి వెళ్ళిన డాక్టరు వాడికి దొరికాడు.